తాళం ఎవరి చేతిలో? పాస్‌వర్డ్ మేనేజర్ ఎంపికలో అసలు ప్రశ్న

మన పాస్‌వర్డ్‌లన్నింటినీ ఒకేచోట దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్లలో ఏది మంచిదని అడిగితే జవాబుగా సాధారణంగా ఒక పట్టిక వస్తుంది. ఎన్ని పరికరాల్లో పనిచేస్తుంది, ఉచితమా కాదా, వేలిముద్రతో తెరుచుకుంటుందా, ఇంట్లోవాళ్లతో పంచుకోవచ్చా అంటూ గళ్లు, వాటిలో టిక్కులు. ఆ పట్టికలు అబద్ధం చెప్పవు. కానీ పేరున్న యాప్‌లన్నింటికీ దాదాపు అవే టిక్కులు పడతాయి కాబట్టి, చదవడం పూర్తయ్యాక కూడా మనం మొదలుపెట్టిన చోటే ఉంటాం. వీటి మధ్య తేడా తెలిసేది ఏదో ఒకటి చెడినప్పుడే. ఫోను పోయినప్పుడు, వాటన్నింటినీ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తురానప్పుడు, కంపెనీ సర్వర్లలోకి ఎవరో చొరబడినప్పుడు, ఆ సేవనే కంపెనీ ఎత్తివేసినప్పుడు, చివరికి మనమే లేనప్పుడు. ఈ అయిదు సందర్భాల్లో ఒక యాప్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకుంటే ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఇందులో రెండు భయాలు ముడిపడి ఉన్నాయి. దొంగ లోపలికి రావడం ఒకటి; మన ఖాతాల బయట మనమే చిక్కుకుపోవడం రెండోది. సమీక్షలు ఎక్కువగా మొదటిదాని గురించే రాస్తాయి. రెండోదాన్ని కూడా అంతే తీవ్రంగా తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఒకదాని నుంచి రక్షణ పెంచితే తరచుగా రెండోదాని ముప్పు పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్ణయించుకుంది. యాప్‌ను ఎంచుకోవడమంటే నిజానికి ఆ నిర్ణయాన్ని ఎంచుకోవడమే.

అసలు ఇవి అవసరమా అనే వారికి ముందుగా రెండు మాటలు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటిని ఏ రక్షణా లేకుండా, చదవగలిగే రూపంలోనే దాచారు. అలాంటి జాబితాలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. దొంగలు మీ పాస్‌వర్డ్‌ను ఊహించాలని కూర్చోరు. ఒక సైటు నుంచి పోయిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతను తీసుకుని వందల సైట్లలో యంత్రాలతో ప్రయత్నిస్తారు. ఎక్కడో మరిచిపోయిన ఒక చిన్న సైటులో వాడిన పాస్‌వర్డే ఈమెయిల్‌కూ వాడి ఉంటే పని అయిపోయినట్లే. ప్రతి సైటుకూ వేరు పాస్‌వర్డ్ ఉండటమే దీనికి విరుగుడు. అన్నింటిని జ్ఞాపకం పెట్టుకోవడం మనిషికి సాధ్యం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో తన మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు, కారణం లేకుండా కొన్నాళ్లకోసారి పాస్‌వర్డ్ మార్పించవద్దని చెప్పింది. పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయనివ్వాలని కూడా సూచించింది. పాస్‌వర్డ్ మేనేజర్లకు దారి వదలమనడమే దాని ఉద్దేశం.

తక్కువగా చెప్పుకునే లాభం మరొకటి ఉంది. మేనేజర్ పాస్‌వర్డ్‌ను సైటు చిరునామాతో కలిపి దాచుకుంటుంది. బ్యాంకు పేజీని అచ్చుగుద్దినట్లు అనుకరించిన దొంగ పేజీ మన కంటిని మోసం చేయవచ్చు. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా మేనేజర్ మాత్రం పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ నింపే యాప్ ఈరోజు ఎందుకు నింపడం లేదన్న అనుమానమే మనల్ని కాపాడుతుంది. అలాంటప్పుడు కాపీ చేసి బలవంతంగా అతికించకుండా ఒకసారి ఆగి చిరునామా చూసుకోవాలి.

సర్వర్ల నుంచి ఖజానా పోతే

కంపెనీ సర్వర్లలో దొంగలు పడితే ఏమవుతుందో ఊహించుకోనవసరం లేదు, జరిగింది. 2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ అభివృద్ధి వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారని ప్రకటించింది. వినియోగదారుల ఖజానాలకు, అంటే వాళ్లు దాచుకున్న పాస్‌వర్డ్‌ల మూటలకు, ఏమీ కాలేదని అప్పట్లో చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 22న, ఖజానాల బ్యాకప్ ప్రతులను దొంగలు ఎత్తుకుపోయారని ఒప్పుకుంది. మొదటి చొరబాటులో దొరికిన సమాచారంతో వాళ్లు ఒక సీనియర్ ఇంజినీర్ ఇంటి కంప్యూటర్‌ను గురిపెట్టారు. అందులోని మీడియా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం ద్వారా, కొట్టే ప్రతి మీటనూ నమోదు చేసే కీలాగర్‌ను చొప్పించి అతని మాస్టర్ పాస్‌వర్డ్‌ను పట్టుకున్నారు.

ఇక్కడ ఈ యాప్‌లు పనిచేసే తీరును కొంచెం విప్పి చూడాలి. మంచి మేనేజర్లలో మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీకి చేరదు. మన ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఆ పాస్‌వర్డ్ నుంచి ఒక తాళంచెవి తయారవుతుంది, ఖజానా అక్కడే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అర్థం కాని ముద్దగా మారాకే సర్వర్‌కు వెళ్తుంది. కాబట్టి దొంగ చేతికి చిక్కేది కూడా ఆ ముద్దే. కానీ అది ఒకసారి తన కంప్యూటర్‌లో పడ్డాక మూడుసార్లు తప్పు కొడితే ఖాతా ఆపేసే ఏర్పాటు ఏదీ అక్కడ ఉండదు. ఎన్నేళ్లయినా, ఎన్ని కోట్ల ఊహలైనా ప్రయత్నించుకోవచ్చు. అప్పుడు మనల్ని కాపాడేవి రెండే: మాస్టర్ పాస్‌వర్డ్ ఎంత గట్టిది, ఒక్కో ఊహను పరీక్షించడానికి దొంగకు ఎంత శ్రమ పడుతుంది.

ఆ శ్రమను పెంచడానికి యాప్‌లు మాస్టర్ పాస్‌వర్డ్‌ను ఒక గణిత ప్రక్రియలో లక్షల సార్లు తిప్పుతాయి. మనకు ఒక్కసారి అరక్షణం ఆలస్యమయ్యేది, కోట్ల ఊహలు ప్రయత్నించే దొంగకు కోట్ల రెట్లవుతుంది. లాస్ట్‌పాస్‌లో 2018 నుంచి కొత్త ఖాతాలకు ఆ సంఖ్య 1,00,100. అంతకుముందు తెరిచిన ఖాతాలు చాలావరకు 5,000 దగ్గరే ఉండిపోయాయి, ఇంకా తక్కువకు సెట్ అయి ఉన్నవీ బయటపడ్డాయి. ఈ పద్ధతికి 6 లక్షలు ఉండాలని భద్రతా నిపుణుల సంఘం ఒవాస్ప్ 2023లో సూచించింది. పైగా ఆ ఖజానాల్లో పాస్‌వర్డ్‌లు, నోట్లు ఎన్‌క్రిప్ట్ అయ్యాయి కానీ సైట్ల చిరునామాలు కాలేదు. ఎవరి ఖజానాలో ఏయే సైట్ల ఖాతాలున్నాయో దొంగలు తాళం తీయకుండానే చదువుకోగలరు. దేని మీద ముందు కష్టపడాలో ఎంచుకోగలరు.

ఈ సంఘటనలో చాలామందికి అర్థం కానిది ఒకటుంది. చోరీ వార్త విన్నాక మాస్టర్ పాస్‌వర్డ్ మార్చుకున్నంత మాత్రాన ఫలితం లేదు. దొంగ దగ్గరున్న ప్రతి పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ అడిగే రెండంచెల ధ్రువీకరణ కూడా అక్కడ పనికిరాదు, ఎందుకంటే అది కాపలా కాసేది లాగిన్ గుమ్మం దగ్గర. ఈ ప్రతి ఆ గుమ్మం గుండా పోలేదు. మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవారికి మిగిలిన దారి ఒక్కటే, ఖజానా లోపలి పాస్‌వర్డ్‌లన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవడం.

అందుకే ఏ యాప్‌ను చూసినా నేను ముందు అడిగేవి ఇవి. చిరునామాలు, నోట్లతో సహా అన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయా? తాళంచెవి తయారుచేసే పద్ధతి కాలంతోపాటు మారుతోందా, మారితే ఆ మార్పు పాత ఖాతాలకు కూడా చేరుతోందా? సర్వర్ మీది ప్రతి మొత్తం దొంగల పాలైనా నా ఖజానా నిలుస్తుందా?

ఒకే ప్రశ్నకు మూడు జవాబులు

మూడో ప్రశ్నకు వన్‌పాస్‌వర్డ్ చెప్పిన జవాబు సూటిగా ఉంటుంది. ఖాతా తెరిచినప్పుడు మన పరికరంలోనే 128 బిట్ల రహస్య సంకేతం ఒకటి పుడుతుంది. దాన్ని సీక్రెట్ కీ అంటారు. ఖజానా తెరవాలంటే మాస్టర్ పాస్‌వర్డ్, సీక్రెట్ కీ రెండూ కలవాలి. సీక్రెట్ కీ కంపెనీ దగ్గర ఉండదు కాబట్టి సర్వర్లు మొత్తం దోచుకున్నా ఊహించడం మొదలుపెట్టే అవకాశమే దొంగకు లేదు. మాస్టర్ పాస్‌వర్డ్ అంత గొప్పది కాకపోయినా సరే. లాస్ట్‌పాస్ తరహా చోరీకి ఇంతకంటే గట్టి సమాధానం ఈ రంగంలో నాకు కనిపించలేదు.

దీని మూల్యం రెండో భయం వైపు ఉంది. పాత పరికరాలన్నీ ఒకేసారి పోయి, సీక్రెట్ కీ ముద్రించిన ఎమర్జెన్సీ కిట్ కాగితం కూడా దొరకకపోతే, మాస్టర్ పాస్‌వర్డ్ నోటికి వచ్చినా లోపలికి వెళ్లలేం. కుటుంబ ప్లాన్ తీసుకుంటే, అందులో నిర్వాహకులుగా ఉన్న మరొకరు మన ఖాతాను తిరిగి తెరిపించగలరు. ఒంటరి ఖాతాకు, ముందే రికవరీ కోడ్ తయారుచేసి పెట్టుకుంటే తప్ప, తిరిగి తెరిచే దారి లేదు. పైగా ఇది చందా కడితేనే నడిచే సేవ. ఎనిమిదో వెర్షన్ నుంచి ఖజానాను కంపెనీ క్లౌడ్‌లో కాకుండా మన దగ్గరే ఉంచుకునే పాత సదుపాయాన్ని కూడా తీసేశారు.

2016లో మొదలైన బిట్‌వార్డెన్ మరో దారి పట్టింది. దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాలైనా. కావాలంటే సర్వర్‌ను మన సొంత యంత్రం మీద నడుపుకోవచ్చు. సీక్రెట్ కీ లాంటిది లేదు కాబట్టి భారమంతా మాస్టర్ పాస్‌వర్డ్ మీదే పడుతుంది. 2023లో కొత్త ఖాతాలకు తిప్పే సంఖ్యను 6 లక్షలకు పెంచారు. ఆర్గాన్2 అనే కొత్త పద్ధతికి మారే వీలూ కల్పించారు. 2015లో ముగిసిన పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన పద్ధతి అది. లెక్కతోపాటు కంప్యూటర్ మెమరీని కూడా ఎక్కువగా తినేలా రూపొందించారు కాబట్టి, గ్రాఫిక్స్ కార్డులతో ఊహలను గుప్పించే దొంగలకు ఖర్చు బాగా పెరుగుతుంది. ఖాతా పాతదైతే సెట్టింగ్‌లలోకి వెళ్లి ఈ సంఖ్య ఎంతుందో చూసుకోవడం మంచిది.

కోడ్ అందరికీ కనబడినంత మాత్రాన లోపాలు ఉండవని కాదు, ఉంటే దొరికే అవకాశం పెరుగుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్లలో కొన్ని లోపాలు పైకి అసలు కనబడవు. క్యాస్పర్‌స్కీ మేనేజర్ ఒకప్పుడు పాస్‌వర్డ్‌లు తయారుచేయడానికి గడియారంలోని సెకన్లను ఆధారంగా తీసుకునేదని 2021లో పరిశోధకులు బయటపెట్టారు. ఒకే సెకనులో ప్రపంచంలో ఎక్కడ తయారుచేసినా ఒకే పాస్‌వర్డ్ వచ్చేదన్నమాట. చూడటానికి అవి గజిబిజి అక్షరాలే. తయారైన కాలం సుమారుగా తెలిసిన వారికి మాత్రం ఊహించడం తేలిక. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు. బయటి నిపుణుల తనిఖీ జరిగిందా, నివేదిక బహిరంగంగా పెట్టారా అని చూడమనేది ఇందుకే.

మూడో దారి కీపాస్‌ది. 2003 నుంచీ ఉంది. కంపెనీ లేదు, సర్వర్ లేదు, ఖాతా తెరవడం లేదు. ఖజానా మొత్తం ఒకే ఎన్‌క్రిప్టెడ్ ఫైలు. దాన్ని ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం. కంప్యూటర్‌లో కీపాస్ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోన్‌లో స్ట్రాంగ్‌బాక్స్ లేదా కీపాసియం, ఇవన్నీ అదే ఫైలును తెరుస్తాయి. లక్షల మంది ఖజానాలు ఒకే చోట పోగుపడి ఉండవు కాబట్టి లాస్ట్‌పాస్ తరహా దోపిడీ ఇక్కడ జరగదు. ఏ కంపెనీ మూతపడినా ఫైలుకు ఏమీ కాదు.

ఎందరో సాంకేతిక నిపుణులు కీపాస్‌నే సిఫారసు చేస్తారు. వాళ్ల కారణాలు సరైనవే. అయినా చాలామందికి నేను దీన్ని సూచించను. ఆ ఫైలును ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య తాజాగా ఉంచడం, రెండు చోట్లా మార్పులు చేసినప్పుడు కలపడం, బ్యాకప్ తీయడం, ఆ బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం అన్నీ మీ పనులే. బ్యాకప్ తీయడం మీకు ఇప్పటికే అలవాటై ఉంటే కీపాస్ అద్భుతమైనది. అలవాటు లేకపోతే ఒక్క హార్డ్ డిస్క్ చెడిపోవడంతో అసలుకే ఎసరు వస్తుంది.

ఫోనులోనే ఉన్నది సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. ఈ మాట చెప్పడానికి భద్రతా రంగంలో కొందరు ఎందుకో ఇష్టపడరు. ఆపిల్ ఐక్లౌడ్ కీచైన్ 2013 నుంచీ ఉంది. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో పాటు దానికి పాస్‌వర్డ్స్ పేరుతో విడి యాప్ వచ్చింది. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది. అన్ని సైట్లకూ ఒకే పాస్‌వర్డ్ వాడుతున్న వ్యక్తి రేపటి నుంచి వీటిలో ఏది వాడినా పెద్ద ముందడుగే. ఏది ఉత్తమమో తేల్చుకోలేక నెలల తరబడి ఏదీ వాడకపోవడం కంటే ఇది ఎంతో నయం.

తాళం ఎవరి దగ్గరుంటుందనే విషయంలో ఈ రెండింటికీ తేడా ఉంది. ఆపిల్ కీచైన్‌లోని పాస్‌వర్డ్‌లను ఆపిల్ కూడా చదవలేదు. గూగుల్‌లో ఆ స్థాయి రక్షణకు ఆన్-డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఐచ్ఛికం ఉంది. అది పెట్టుకోకపోతే తాళంచెవి గూగుల్ ఖాతాలో భాగంగా ఉంటుంది. దీన్ని లోపంగానే చూడనక్కరలేదు. ఖాతాను తిరిగి పొందగలిగితే పాస్‌వర్డ్‌లూ తిరిగి వస్తాయి. మరిచిపోవడమే ప్రధాన ప్రమాదంగా ఉన్న పెద్దవయసు వారికి ఇదే మేలు కావచ్చు.

అసలు చిక్కు ఫోను పిన్ నంబరులో ఉంది. వేలిముద్ర, ముఖం పనిచేయకపోతే ఫోను పిన్ అడుగుతుంది. అదే పిన్‌తో పాస్‌వర్డ్‌లు కూడా తెరుచుకుంటాయి. పక్కన నిలబడి మీరు పిన్ కొట్టడం చూసి, ఆ తర్వాత ఫోను లాక్కున్నవాడికి మీ ఖాతాలన్నీ దొరికినట్లే. ఇలాంటి దొంగతనాలు వెలుగులోకి వచ్చాకే ఆపిల్ 2024 జనవరిలో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ తెచ్చింది. అది ఆన్ చేసి ఉంటే, అలవాటైన చోట్లకు దూరంగా ఉన్నప్పుడు దాచిన పాస్‌వర్డ్‌లు పిన్‌తో తెరుచుకోవు, ముఖమో వేలిముద్రో కావలసిందే. ఐఫోన్ వాడేవారు ఇది ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి. మీరు ఏ కంపెనీ ఫోను వాడినా పిన్ నాలుగు అంకెలకు బదులు ఆరు, వీలైతే అక్షరాలు కలిపినది పెట్టుకోండి. విడి మేనేజర్ యాప్‌కు తనదైన పాస్‌వర్డ్ ఉండటం ఇక్కడే అక్కరకొస్తుంది: ఫోను తెరిచినవాడు ఖజానాను కూడా తెరిచినట్లు కాదు. ఆ యాప్‌ను తెరవడానికి కూడా ఫోను పిన్నే చాలనే ఏర్పాటు పెట్టుకుంటే మాత్రం ఆ లాభం పోతుంది.

ఐఫోన్‌తో పాటు విండోస్ కంప్యూటర్, లేదా ఆండ్రాయిడ్‌తో పాటు ఐప్యాడ్ వాడేవారికి అంతర్నిర్మిత మేనేజర్లతో కొంత ఇబ్బంది తప్పదు. ఏదో ఒక చోట నింపడం మొరాయిస్తుంది, పాస్‌వర్డ్‌లు సగం అక్కడా సగం ఇక్కడా పోగవుతాయి. అలాంటివారు బిట్‌వార్డెన్ లేదా వన్‌పాస్‌వర్డ్ వైపు వెళ్లడం మంచిది.

ఏ మేనేజరూ కాపాడలేని పరిస్థితి ఒకటుంది: మన కంప్యూటర్‌లోనే దొంగ సాఫ్ట్‌వేర్ చేరడం. తెరిచి ఉన్న ఖజానాను అది చూడగలదు. బ్రౌజర్లలో దాచిన పాస్‌వర్డ్‌లను ఊడ్చుకుపోవడమే పనిగా పెట్టుకున్న వైరస్‌లు చాలా ఉన్నాయి. వాటిని అడ్డుకోవడానికి గూగుల్ 2024 జులైలో విండోస్ క్రోమ్‌కు అదనపు రక్షణ జోడించాల్సి వచ్చింది. విడి యాప్ అయితే కొన్ని నిమిషాలు వాడకపోతే తనంతట తాను తాళం వేసుకునేలా పెట్టవచ్చు. 2025 ఆగస్టులో మారెక్ టోత్ అనే పరిశోధకుడు పలు మేనేజర్ల బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లను కనబడకుండా దాచి, మన క్లిక్కుతోనే వివరాలు నింపించుకోవచ్చని చూపించాడు. ఎక్స్‌టెన్షన్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. పేజీ తెరవగానే తానే నింపేసే సెట్టింగ్‌ను ఆపేయండి.

మనమే బయట చిక్కుకుపోకుండా

మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తుండాలి, ఊహకు అందకూడదు. ఈ రెండూ కలిసేది యాదృచ్ఛికంగా ఎంచిన పదాల వరుసలో. డైస్‌వేర్ అనే పద్ధతిని ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో ప్రతిపాదించారు. 7,776 పదాల జాబితా ఉంటుంది. పాచికను అయిదుసార్లు వేస్తే ఒక పదం తేలుతుంది. అలా ఆరు పదాలు తీస్తే సాధ్యమయ్యే వరుసలు 2 పక్కన 23 సున్నాలు పెట్టినంత సంఖ్యను దాటుతాయి. జాబితా దొంగకు తెలిసినా పరవాలేదు, బలమంతా పాచికలో ఉంది. అందుకే పదాలను మనసులో అనుకుని ఎంచుకోకూడదు. ఇష్టమైన పాట పల్లవి, పద్యపాదం, పిల్లల పేర్లు మనకు యాదృచ్ఛికంగా తోచినా యంత్రానికి కావు. మాతృభాష పదాలతో చేసుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. ఎంపిక మాత్రం పాచికదే కావాలి.

ఆ తర్వాత దాన్ని కాగితం మీద రాయండి. పాస్‌వర్డ్ రాసిపెట్టుకోకూడదన్న పాత సలహా కార్యాలయపు బల్లల మీద అంటించే చీటీలకు వర్తిస్తుంది. ఇంట్లో ముఖ్యమైన దస్తావేజులతో పాటు భద్రంగా ఉన్న ఒక కాగితాన్ని ఖండాల అవతలి హ్యాకర్ చదవలేడు. మాస్టర్ పాస్‌వర్డ్, వన్‌పాస్‌వర్డ్ అయితే సీక్రెట్ కీ, రెండంచెల ధ్రువీకరణ పోతే వాడే రికవరీ కోడ్, ఈమెయిల్ పాస్‌వర్డ్: ఈ నాలుగూ ఆ కాగితం మీద ఉండాలి.

ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎందుకు? చాలామంది గమనించని వలయం ఒకటుంది. బిట్‌వార్డెన్ 2025 నుంచి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోని ఖాతాల్లోకి కొత్త పరికరం నుంచి లాగిన్ అయితే ఈమెయిల్‌కు కోడ్ పంపుతోంది. ఉన్న ఒక్క ఫోనూ పోయింది, కొత్తది కొన్నారు. ఖజానా తెరవాలంటే ఈమెయిల్‌కు వచ్చిన కోడ్ కావాలి. ఈమెయిల్ తెరవాలంటే ఖజానాలోని పాస్‌వర్డ్ కావాలి. రెండంచెల కోడ్‌లు ఇచ్చే యాప్ కూడా ఆ పోయిన ఫోనులోనే ఉండి ఉంటే ఇంతే సంగతులు. మీరు ఏ మేనేజర్ ఎంచుకున్నా, చేతిలో ఏ పరికరమూ లేకుండా ఆ కాగితంతో మాత్రమే లోపలికి వెళ్లగలనా అని మనసులో ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ కాగితం మీద ఇంకో పంక్తి చేరాలి.

రెండంచెల కోడ్‌లను కూడా పాస్‌వర్డ్‌లున్న ఖజానాలోనే పెట్టుకోవచ్చా అన్నది పాత వాదం. రెండూ ఒకే చోట ఉంటే రెండంచెలు అనడంలో అర్థమేముందని ఒక పక్షం అంటుంది. నా మట్టుకు, మామూలు ఖాతాలకు పెట్టుకోవచ్చు. అసలు పెట్టుకోకపోవడం కంటే అది మేలు. ఈమెయిల్‌కూ, ఆ మేనేజర్ ఖాతాకూ మాత్రం విడిగా ఉండాలి.

మనం లేనప్పుడు ఇంట్లోవాళ్ల సంగతి ఏమిటన్నది ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం. ఆపిల్‌లో వారసుడిగా ఒకరిని నమోదు చేసే లెగసీ కాంటాక్ట్ సదుపాయం ఉంది, కానీ కీచైన్ పాస్‌వర్డ్‌లు ఆ వారసుడికి అందవు. బిట్‌వార్డెన్ చందా ఖాతాలో ఎమర్జెన్సీ యాక్సెస్ ఉంది: నమ్మిన వ్యక్తి అడిగితే, మీరు పెట్టిన గడువులోగా మీరు కాదనకపోతే తలుపు తెరుచుకుంటుంది. ఇవేవీ లేకపోయినా పైన చెప్పిన కాగితం పనిచేస్తుంది, అది ఎక్కడుందో ఒకరికి తెలిసి ఉంటే.

వెళ్లిపోయే దారి

ఏ యాప్‌ను ఎంచుకున్నా ఏదో ఒకరోజు వదిలి వెళ్లాల్సి రావచ్చు. మొజిల్లా తన లాక్‌వైజ్ యాప్‌ను 2021 డిసెంబరులో ఆపేసింది. లాస్ట్‌పాస్ అదే ఏడాది మార్చిలో ఉచిత ఖాతాలను ఫోను లేదా కంప్యూటర్, ఏదో ఒక రకానికే పరిమితం చేసింది. మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు 2025 ఆగస్టు నుంచి ఆ యాప్‌లో తెరుచుకోవడం మానేశాయి. డ్రాప్‌బాక్స్ పాస్‌వర్డ్స్ అదే ఏడాది అక్టోబరులో మూతపడింది. ఇవన్నీ పెద్ద పేర్లే. కాబట్టి చేరేముందే ఎక్స్‌పోర్ట్ మీట ఎక్కడుందో వెతకండి.

పాస్‌వర్డ్‌లు దాదాపు అన్ని చోట్ల నుంచీ బయటకు వస్తాయి. పాస్‌కీలతో అంత సులువు కాదు. పాస్‌వర్డ్‌కు బదులు పరికరంలోనే పుట్టే ఈ తాళంచెవులను సైట్లు ఇప్పుడు జోరుగా ఇస్తున్నాయి. దొంగ పేజీలకు అవి అసలు లొంగవు. ఒక మేనేజర్‌లో తయారైన పాస్‌కీని మరోదానికి సురక్షితంగా తరలించే ఉమ్మడి పద్ధతి ముసాయిదాను లాగిన్ ప్రమాణాలు రూపొందించే ఫిడో అలయన్స్ 2024 అక్టోబరులో విడుదల చేసింది. అన్ని యాప్‌లూ దాన్ని అందిపుచ్చుకునే వరకు, ముఖ్యమైన ఖాతాలకు పాస్‌కీతో పాటు మరో లాగిన్ దారి కూడా ఉంచుకోండి.

ప్రకటనల్లో డార్క్ వెబ్ నిఘా, ఉచిత వీపీఎన్ లాంటివి కనిపిస్తాయి. వాటిని చూసి నిర్ణయించుకోవద్దు. బయటపడ్డ పాస్‌వర్డ్‌ల జాబితాలో మీది ఉందో లేదో హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటులోనే ఉచితంగా చూసుకోవచ్చు.

ఇక నా సలహా. పరికరాలన్నీ ఒకే కంపెనీవి అయితే అందులో ఉన్నదాన్నే వాడండి, ఫోను పిన్‌ను గట్టిపరచండి. పరికరాలు కలగలుపుగా ఉంటే బిట్‌వార్డెన్, పాచికతో తీసిన మాస్టర్ పాస్‌వర్డ్‌తో. ఇంటిల్లిపాదికీ ఏర్పాటు చేసే బాధ్యత మీదై, అందరి చేతా గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టించగలనన్న నమ్మకం లేకపోతే చందా కట్టి వన్‌పాస్‌వర్డ్ కుటుంబ ప్లాన్ తీసుకోండి. సీక్రెట్ కీ వాళ్ల బలహీన పాస్‌వర్డ్‌లను కాస్తుంది, తిరిగి తెరిపించే వీలు వాళ్ల మతిమరుపును కాస్తుంది. క్లౌడ్ మీద నమ్మకం లేక, బ్యాకప్‌ల మీద శ్రద్ధ ఉంటే కీపాస్ఎక్స్‌సీ.

మారే రోజున ఒక జాగ్రత్త. పాత చోటు నుంచి తీసే ఎక్స్‌పోర్ట్ ఫైలు తరచుగా సీఎస్‌వీ రూపంలో ఉంటుంది. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా వరుసగా చదువుకోవచ్చు. సొంత కంప్యూటర్‌లోనే తీయండి, ఈమెయిల్‌లో పంపుకోవద్దు, కొత్త యాప్‌లోకి ఎక్కించాక వెంటనే చెరిపి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరు క్లౌడ్‌తో అనుసంధానమై ఉంటే అక్కడి ప్రతిని కూడా తీసేయాలి. రెండు మేనేజర్లు ఒకే గడి కోసం పోటీ పడకుండా బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్ సేవింగ్‌ను ఆపండి. పాత ఖాతాను కొన్ని వారాలు అలాగే ఉంచి, వెతికినవన్నీ కొత్తదాంట్లో దొరుకుతున్నాయని తేలాక మూసేయండి. పాస్‌వర్డ్‌లన్నీ ఒకే రోజు మార్చాలని కూర్చుంటే సగంలో విసుగొస్తుంది. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మొబైల్ నంబరు ఖాతా. మిగతావి ఏ సైటులోకి ఎప్పుడు వెళ్తే అప్పుడు ఒక్కొక్కటిగా మార్చుకుంటే సరిపోతుంది.